రెండు పెట్టెలు, ఒక కుర్చీ

"ఇది కాదురా," అంది అమ్మ.

చిన్నకొడుకు పాట ఆపాడు. స్పీకరు పెట్టె వెనక్కి వంగి, వైరు కొసలు రెండూ బిగుతుగా ఉన్నాయో లేదో వేలితో లాగి చూశాడు. బిగుతుగానే ఉన్నాయి.

"సరిగ్గా విన్నావా అమ్మా?"

"చెవులు నావేగా. ఇది మీ నాన్న పాట కాదు."

"అదే పాట. నాన్న రికార్డు నుంచే కదా ఎక్కించాను!"

"పాట అదే. వినబడేది అది కాదు."

అతను కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. అర్థం కాలేదన్న పిల్లల్ని విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచీ చెప్పే మనిషి. అమ్మకి మాత్రం ఏది మొదలో, ఎక్కణ్ణుంచి చెప్పాలో అతనికి తోచలేదు. మంచం అంచున ఆవిడ పక్కనే కూలబడ్డాడు.

గది బయట హాల్లో ఇటుకలు పేర్చి ఉన్నాయి. మేస్త్రీ పొద్దున్నే వచ్చి హాలు నడిమధ్య ఈ చివర నుంచి ఆ చివరకి సుద్దగీత గీశాడు. ఇంకోచోట పూత పని ముగించుకుని, భోజనాల వేళ దాటాక వస్తానని చెప్పి వెళ్లాడు. వచ్చాడంటే చీకటి పడేలోగా నడుమెత్తు గోడ లేస్తుంది. గీతకి ఎడమ పక్క పెద్దకొడుకు వాటా, కుడి పక్క చిన్నకొడుకు వాటా. గిన్నెలు తేలాయి, బీరువాలు తేలాయి. అమ్మ ఎటో ఒక్కటే తేలలేదు.

నిలదీసి అడిగితే నిన్న ఆవిడ ఒక షరతు పెట్టింది. "మీ నాన్న సాయంత్రాలు పెట్టుకునే ఆ పాట, ఆయన పెట్టినట్టే ఎవరి గదిలో వినబడితే వాళ్లతో ఉంటాను." ఎవరి మీదా మొగ్గు చూపకుండా, పాము చావకుండా కర్ర విరగకుండా నాలుగు రోజులు గడిపేద్దామని ఆవిడ ఎత్తు. కానీ అడిగింది నిజంగానే అడిగింది. ఆ పాట అలా ఒక్కసారి మళ్లీ వినాలని ఆవిడకి ఉంది.

చిక్కల్లా ఏమిటంటే, మన ఘనులిద్దరూ పంపకాల్లో తండ్రి స్పీకరు పెట్టెల్ని కూడా చెరొకటి పంచుకున్నారు. జత చెప్పుల్లో చెరొక చెప్పూ తీసుకున్నట్టు. తండ్రి సెట్టు పెద్దవాడికి వెళ్లింది, చిన్నవాడు చిన్న సెట్టొకటి కొనుక్కున్నాడు. ఒక్క పెట్టెలోనే మొత్తం పాట వచ్చేలా ఇద్దరూ మీట తిప్పి పెట్టుకున్నారు.

హాల్లోంచి దగ్గు వినబడింది. పెద్దకొడుకు సుద్దగీతకి అవతల, ఒక్క అంగుళం కూడా దాటకుండా నిలబడి ఉన్నాడు.

"విన్నావటే? అటు కాదట," అన్నాడు భార్యతో, అందరికీ వినబడేలా. "అమ్మని ఇటు రమ్మను."

నెల దాటింది, అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. తండ్రి పోయిన కొన్నాళ్లకి, భోజనాల దగ్గర, చిన్నవాడు ఒక మాట అన్నాడు. "నాన్నని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే నువ్వు షాపు షట్టరు కూడా దించలేదు. ఇంత బతుకూ బతికి ఆయన సంపాదించుకున్నది అదీ." పెద్దవాడు కళ్లద్దాల షాపు చూసుకుంటాడు, తండ్రి తర్వాత అదే కుర్చీలో. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది గానీ అతను జవాబు చెప్పలేదు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ రోజు లేచిన గోడకే ఇవాళ ఇటుకలు వచ్చాయి.

అమ్మ గీత దాటి పెద్దవాడి గదిలోకి వెళ్లింది. పాట మొదలైంది. ఆవిడ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది.

"ఇదీ కాదు."

"ఏం తేడా అమ్మా? చెబితే కదా తెలిసేది."

"ఏమోరా. ఇరుగ్గా ఉంది. జనం ఎక్కువై బస్సులో నిలబడ్డట్టుంది. మీ నాన్న పాటలో చోటుండేది."

పెద్దకొడుకు కళ్లజోడు తీసి తుడిచాడు. ఏదైనా ఆలోచించాలంటే అతను ముందు అద్దాలు తుడుచుకుంటాడు. తుడుచుకునేసరికి ఆలోచన వచ్చింది.

"సెట్టు నాన్నదే. పెట్టె నాన్నదే. పాట నాన్నదే. మారింది వైరొక్కటే. సామాన్లు సర్దేటప్పుడు పాత వైరు ఎవరో పారేశారు, నేను ఏదో దొరికింది తగిలించాను. లోపం వైరులోనే ఉంది."

గీత అవతల చిన్నవాడికి ఈ మాట వినబడింది. మనిషితో మాట్లాడకపోయినా మనిషి చెప్పిన తర్కం కాదనలేకపోయాడు. చొక్కా మార్చుకుని, జేబులో మల్టీమీటరు పెట్టుకుని వైర్ల షాపుకి బయల్దేరాడు. పెద్దవాడు అప్పటికే వీధిలో ఉన్నాడు.

*

వైర్లూ స్పీకర్లూ అమ్మే షాపాయన బట్టతలని తువ్వాలుతో తుడుచుకుంటూ తలెత్తి చూశాడు.

"రండి, రండి. అన్నదమ్ములిద్దరూ కలిసి వచ్చారు, సంతోషం."

"కలిసి రాలేదు," అన్నారిద్దరూ ఒక్కసారే. నెల రోజుల్లో ఇద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.

కౌంటరుకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడ్డారు. షాపాయన మధ్యలో చిక్కుకున్నాడు.

"ఇరుగ్గా వినబడుతోందటండీ," అన్నాడు పెద్దవాడు. "ఇరుకు పోవాలి."

"పోతుంది బాబూ. ఈ వైరు చుట్ట చూడండి. బొటనవేలంత లావు. పైతొడుగు అద్దంలా ఉంటుంది, లోపల రాగి కనబడుతుంది. ఇది వేస్తే ఒక్కో వాయిద్యం విడివిడిగా కూర్చుంటుంది."

పెద్దవాడు దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి, కళ్లద్దం మీద గీత ఉందేమో చూసినట్టు ఇటూ అటూ తిప్పి చూశాడు. రాగి తళతళలాడింది. అతనికి నచ్చింది.

చిన్నవాడు తన చివర ఉన్న చుట్టలన్నింటినీ దించాడు. ఒక్కొక్క దాని రెండు కొసలకీ మీటరు ముళ్లు ఆనించి, అంకె చూసి, పెదవి విరిచి పక్కన పెడుతున్నాడు.

"ఆయన రంగు చూస్తారు, మీరు నాడి చూస్తారు," అన్నాడు షాపాయన.

"మీటరుకి చెవులుండవని చెప్పండి ఆయనకి," అన్నాడు పెద్దవాడు.

"కంటికీ ఉండవని చెప్పండి," అన్నాడు చిన్నవాడు.

"నాకున్నాయి బాబూ రెండు. ఇద్దరూ వాటిల్లోనే పోస్తున్నారు." షాపాయన నవ్వి, అంతలోనే నవ్వు ఆపేశాడు. "మీ నాన్నగారు ఇక్కడే, ఈ స్టూలు మీదే కూర్చునేవారు. ఒక్కనాడూ ఒక్క మూర వైరు కొన్న పాపాన పోలేదు. అన్నీ చూసేవారు, నా చేత టీ తెప్పించేవారు, 'మా ఇంట్లో పాట వచ్చి వినవయ్యా ఒకసారి' అని వెళ్లిపోయేవారు. నాకెప్పుడూ కుదరనే లేదు."

ఇద్దరూ స్టూలు వంక చూశారు. ఎవరి చుట్ట వాళ్లు సంకన పెట్టుకుని, రోడ్డుకి చెరోవైపునా నడిచి ఒకే ఇంటికి చేరారు.

*

"తళతళా ఉంది," అంది అమ్మ పెద్దవాడి గదిలో. "కానీ కాదు."

చిన్నవాడి గదిలో ఇంకా ఘోరం జరిగింది.

"ఇందాకటికంటే నయమా అమ్మా?"

"ఇందాక పెట్టిందీ ఇదీ వేరువేరా?"

ఫిజిక్సు మాస్టారు తలపట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ పెద్దకోడలు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఐనా ఆపుకుందామనే చూసింది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నారట," అంది చివరికి. "పొద్దుట్నుంచీ ఇద్దరూ ఆ వైర్లని తిట్టడమే సరిపోయింది. పాపం అవేం చేశాయి?"

"నాన్న పాత వైరు ఉంటే కొలిచి చూసేవాణ్ణి," అన్నాడు చిన్నవాడు తన భార్యతో. "ఎవరో చేతికి అందింది అందినట్టు పారేశారు."

"నేను పారేయలేదని చెప్పు," అన్నాడు హాల్లోంచి పెద్దవాడు.

"ఎవరూ పారేయలేదు," అంది అమ్మ. "నేనే తీసుకున్నా. వంటింట్లో కట్టుకుని మసిగుడ్డలు ఆరేస్తున్నా."

తలలన్నీ వంటింటి వైపు తిరిగాయి.

చిన్నకోడలు ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. మాట తక్కువ, పని ఎక్కువ. ఆవిడ గబగబా వంటింట్లోకి వెళ్లి, కిటికీ పైనుంచి మసిగుడ్డలు ఒక్కొక్కటే తీసి మడతపెట్టి, వైరు విప్పుకుని వచ్చింది. రెండు ముక్కలు. ఒకటి పొట్టిది, ఒకటి పొడవుది. ఇంట్లో బల్లదీపానికి వాడే మామూలు జంట వైరు. షాపు బోర్డు మార్చినప్పుడు దాని దీపానిది మిగిలిపోతే తండ్రి ఇంటికి తెచ్చుకున్నాడు.

"ఇంతేనా?" అన్నాడు పెద్దవాడు. తన బొటనవేలంత లావు వైరు వంక జాలిగా చూసుకున్నాడు.

"ఇంతే. కానీ ఇవి ఆ గదులకి చాలవు," అంది చిన్నకోడలు ముక్కల్ని నేల మీద పరుస్తూ. "పెట్టెలు పాత చోట్ల ఉంటేనే సరిపోతాయి. పొట్టిది వంటింటి గుమ్మం పక్కన ఉండే పెట్టెకి, పొడవుది అటుపక్క దానికి."

అంటే రెండు పెట్టెలూ హాల్లోకి రావాలి. పెద్దకోడలు భర్త వంక చూసింది. చిన్నకోడలు భర్త వంక చూసింది.

"మేస్త్రీ వచ్చేలోగా ఒక్కసారి," అంది పెద్దకోడలు. "అత్తయ్య తేల్చేస్తే మనకీ ఒక దారి దొరుకుతుంది."

పెద్దవాడు తన పెట్టె మోసుకుని గీతకి ఎడమవైపు నిలబడ్డాడు. చిన్నవాడు తనది మోసుకుని కుడివైపు నిలబడ్డాడు. పెట్టెలు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏళ్లతరబడి కదలకుండా ఉన్నచోట నేల మీద రెండు నలుచదరపు మచ్చలు ఇంకా పోలేదు.

తండ్రి సెట్టు అలమారులో పాత చోటికి చేరింది, దాని మీట మళ్లీ రెండు పెట్టెల గుర్తుకి తిరిగింది. ఆ వైరుకి ఎరుపూ నలుపూ లేవు. రెండు పోగులూ ఒకటే రంగు. సెట్టు వెనక ఏది ఏ మరకి బిగించాలో తెలియక చిన్నవాడు తటపటాయించాడు.

"ముడి ఉన్నది పైమరకి," అన్నాడు పెద్దవాడు, గోడని చూస్తూ. "నాన్న ఒక పోగుకి ముడివేసేవాడు."

చిన్నవాడు కొసని వేళ్ల మధ్య నలిపి చూశాడు. ముడి ఉంది, సన్నగా, గట్టిగా. తండ్రి వేసిన ముడి. దాన్ని పైమరకి తగిలించి అతను కాసేపు లేవలేదు.

రెండు పెట్టెలకీ ఎదురుగా తండ్రి కుర్చీ ఉంది. హాలుకి సరిగ్గా నడిమధ్య ఉండటం వల్ల సుద్దగీత దాని కిందనుంచే పోయింది. ఎవరి వాటాలోకీ రాని వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే. అమ్మని తెచ్చి అందులో కూర్చోబెట్టారు. ఆవిడ ముళ్ల మీద కూర్చున్నట్టు అంచునే కూర్చుంది.

పాట మొదలైంది.

కుడి పెట్టెలోంచి మగ గొంతు అడుగుతుంది. "దీపం వెలిగించనా, కిటికీ మూసేయనా?" ఎడమ పెట్టెలోంచి ఆడ గొంతు జవాబు చెబుతుంది. అతను మళ్లీ ఇంకోటి అడుగుతాడు, ఆవిడ ఇంకో జవాబు చెబుతుంది. పాటంతా అంతే, ఒక ప్రశ్న, ఒక జవాబు. ఒక్క పెట్టెలో కుక్కినప్పుడు ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడిపోయారు. ఇప్పుడు ఎవరి చోట వాళ్లున్నారు. తండ్రి కుర్చీ వాళ్లిద్దరి మధ్యా ఉంది.

పెద్దవాడు కళ్లజోడు తీశాడు, తుడవలేదు. చిన్నవాడు ఇటుకల మీద కూర్చుండిపోయాడు. ఇదే. ఇద్దరికీ తెలుసు, ఇదే. స్కూలు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ విన్నది ఇదే.

పాట అయిపోయింది.

"ఇదేగా అమ్మా?"

అమ్మ కొడుకుల ముఖాలు చూసి, అబద్ధం చెప్పేద్దామా అనుకున్నట్టు పెదవి కదిపింది. చెప్పలేకపోయింది.

"బాగుంది నాయనా. ఎంతో బాగుంది. కానీ నేను విన్నది ఇది కాదు."

"అమ్మా!" పెద్దవాడి గొంతు ఒక్కసారిగా లేచింది. "ఇంక చాలు! ఇదేం ఆట? గోడ పడకుండా ఆపడానికేగా ఇదంతా? వచ్చిన మేస్త్రీని వచ్చినట్టే పంపించెయ్యాలనేగా? ఆ మాట సూటిగా చెప్పొచ్చుగా!"

"అమ్మ మీద అరవొద్దని చెప్పు వదినా," అన్నాడు చిన్నవాడు లేచి నిలబడి.

"నేను మా అమ్మ మీద అరుస్తున్నానని చెప్పు!"

"ఆయనొక్కడికేనా అమ్మ?"

పెద్దకోడలు నుదురు కొట్టుకుంది. చిన్నకోడలు కుర్చీ వెనక నిలబడి అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది.

"ఆపడానికే ఐతే మొదటిసారే 'ఇదే' అని చిన్నోడి గదిలోనే కూర్చునేదాన్ని, పెద్దోడు ఊరుకోడు, ఆ గొడవలో గోడ దానంతటదే ఆగేది," అంది అమ్మ. "అబద్ధం ఆడటం రాకే కదరా ఇంత తంటా."

అలమారులో సెట్టు సన్నగా గుర్రుమంటోంది.

పెద్దకోడలు అత్తగారి వంక చాలాసేపటి నుంచి చూస్తోంది. కుర్చీ అంచున, ఏ క్షణాన్నైనా లేచిపోవడానికి సిద్ధంగా ఉన్న ఆ కూర్చోవడాన్ని చూస్తోంది. ఆవిడ ఎప్పుడూ హాల్లో అలాగే కూర్చుంటుంది.

"అత్తయ్యా," అంది. "ఈ పాట వచ్చేటప్పుడు మీరెక్కడ ఉండేవారు?"

"ఎక్కడుంటాను? పొయ్యి దగ్గర."

ఆ మాట అన్నాక అమ్మ తనే ఆగింది. లేచింది. వంటింట్లోకి వెళ్లింది. పొగ లాగే ఫ్యాను తిరగడం మొదలైంది, కుళాయి విప్పిన చప్పుడు వినబడింది.

"ఇప్పుడు పెట్టండి," అంది లోపల్నుంచి.

చిన్నకోడలు మీట నొక్కింది. మగ గొంతు అడిగింది. ఎడమ పెట్టె జవాబు చెప్పింది. మగ గొంతు మళ్లీ అడిగింది.

"ఆఁ! ఇదే!" అమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "ఇదేరా! ఇప్పుడొచ్చింది!"

చిన్నవాడు పరిగెత్తాడు. వెనకే పెద్దవాడు. గీత ఎక్కడుందో అతను చూసుకోలేదు. ఆ వంటింట్లో ఇద్దరు మగవాళ్లు పక్కపక్కన పట్టరు, భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు.

గుమ్మం పక్కనే ఉన్న కుడి పెట్టె లోపలికి స్పష్టంగా వినబడుతోంది. "దీపం వెలిగించనా, కిటికీ మూసేయనా?" తర్వాత కుళాయి నీళ్లు. ఫ్యాను. ఎక్కడో దూరంగా, గోడలకి ఆవల, ఏదో సన్నని రాగం. మళ్లీ మగ గొంతు.

అమ్మ పొయ్యి ముందు నిలబడి నవ్వుతోంది.

"ఇదిగో, ఇక్కడ ఆగుతాడు. 'కిటికీ మూసెయ్ నాయనా, దోమలొస్తాయి' అనేదాన్ని నేను. రోజూ అనేదాన్ని. పాపం అడిగి అడిగి ఆగిపోతాడు, ఎవరూ పలకరు. కూర కలుపుతూ నేనే పలికేదాన్ని. అయిపోగానే మీ నాన్న 'విన్నావా?' అని కేకేసేవాడు. 'విన్నానండీ' అనేదాన్ని."

"మధ్యలో ఆవిడ పాడుతుందిగా అమ్మా," అన్నాడు చిన్నవాడు.

"అదా? పక్కింటివాళ్ల రేడియో అనుకునేదాన్ని."

ఎవరూ నవ్వలేదు. అమ్మ నవ్వు కూడా మెల్లిగా ఆగిపోయింది. పెద్దవాడు చెయ్యి చాపి కుళాయి కట్టేశాడు. ఇన్నేళ్లూ ఆ కుర్చీకీ ఈ పొయ్యికీ మధ్య ఉన్నది నాలుగు అంగల దూరం. అంత దూరంలో ఒక మనిషికి సగం పాటే అందిందని ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. తట్టనివాళ్లలో తానూ ఉన్నానని అతనికి సిగ్గేసింది.

*

అమ్మ మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఈసారి అంచున కాదు. వెనక్కి జారగిలబడి, చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పెట్టి కూర్చుంది.

"పెట్టు తల్లీ. ఆవిడ ఏమంటుందో వింటాను."

ఆవిడ అంది. దీపం వద్దంది, కిటికీ జోలికి పోవద్దంది, నువ్వే బయటికి రా అంది. అమ్మ ఒక్కొక్క జవాబుకీ తల కొంచెం ఎడమవైపు వంచి విన్నది. పాట సగంలో ఉండగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"బయటికి రమ్మంటోంది," అంది. "ఈ మాట రోజూ వింటూ ఈ కుర్చీలో కూర్చున్నాడే మీ నాన్న! 'విన్నావా' అని అడిగే బదులు 'రా' అని ఒక్కసారి పిలిస్తే నేనూ వచ్చి వినేదాన్ని కదా." ఎడమ పెట్టె వంక చూస్తూ అంది, "పిలవకపోయినా నేను రావచ్చు. రాలేదు. ఎవరికి వాళ్లం మొత్తం విన్నామనే అనుకున్నాం."

అమ్మ పెద్దకొడుకు వైపు తిరిగింది.

"పెద్దోడా. ఆ రోజు షట్టరు ఎందుకు దించలేదు?"

పెద్దవాడు ఉలిక్కిపడ్డాడు.

"ఎందుకిప్పుడు అదంతా?"

"అడుగుతున్నాను. చెప్పు."

అతను కళ్లజోడు కోసం తడుముకున్నాడు. అది చేతిలోనే ఉంది.

"నాన్నే వద్దన్నాడు," అన్నాడు చివరికి. "మీరింకా ఎక్కకముందే బండిలోంచి ఫోను చేశాడు. ఒక బస్సు డ్రైవరు అద్దాలకి వస్తాడు, అవి లేకపోతే అతను డ్యూటీ ఎక్కకూడదు, ఇచ్చేసి రా అన్నాడు. నేను అద్దాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అతను ఆలస్యంగా వచ్చాడు. ఇచ్చేసి నేను వచ్చేసరికి..."

"మరి ఇన్నాళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

అడిగింది అమ్మ కాదు. చిన్నవాడు. భార్యతోనో వదినతోనో కాదు, సూటిగా అన్నతో.

పెద్దవాడు తమ్ముడి వంక చూశాడు. నెల తర్వాత మొదటిసారి ఎదురుగా చూశాడు.

"నువ్వు అడగలేదు. అడిగుంటే చెప్పేవాణ్ణి. నువ్వు తీర్పు చెప్పావు." గొంతు తగ్గింది. "నాన్న నాతో అన్న ఆఖరి మాట అది. దాన్ని నీ ముందు సాక్ష్యం చేసి చూపించడం నాకు ఇష్టం లేకపోయింది."

చిన్నవాడు నోరు తెరిచాడు. 'అన్నయ్యా' అనబోయాడో, ఇంకేదైనా అనబోయాడో.

వీధి తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. మేస్త్రీ తాపీ ఒక చేత్తో, దారం ఉండ ఒక చేత్తో లోపలికి వచ్చాడు. ఇటుకలు చూసుకున్నాడు, గీత చూసుకున్నాడు. రెండు పెట్టెలు, వాటి మధ్య వైరు, ఎదురుగా కుర్చీ. ఆయనకేమీ అర్థం కాలేదు, అర్థం కావాల్సిన పనీ లేదు.

"అమ్మా, కాస్త లేస్తారా? కుర్చీ గీత మీదుంది."

అమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ముఖంలో మాత్రం కోపం లేదు.

"నేను ఎటు ఉంటానో తేల్చమన్నారు నాయనా. తేలిపోయింది. నేనుండేది ఇక్కడే, ఈ కుర్చీలో. ఇటు పెట్టె కూడా వినబడాలి, అటు పెట్టె కూడా వినబడాలి నాకు. ఒక్కదాంతో నాకిన్నేళ్లూ సరిపోయింది, ఇంక సరిపోదు." ఆవిడ ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది. "ఐనా లేస్తాను. నా కొడుకులిద్దరూ ఎదురుగానే ఉన్నారు. వాళ్లల్లో ఎవరు లేవమంటే వాళ్ల మాట మీద లేస్తాను. అడుగు."

మేస్త్రీ దారం ఉండని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. పెద్దాయన్ని చూశాడు. చిన్నాయన్ని చూశాడు.

"ఎవరండీ చెప్పేది?" అన్నాడు.